గీత దాటని కాఫీ

“సముద్రంలో చన్నీళ్లకీ వేణ్నీళ్లకీ మధ్య గీతా? దాన్ని చూసి గాలి నడక మార్చుకుంటుందా? కళ్లతో చూస్తేగానీ నమ్మను. నమ్మకపోతే మీ పరిశోధన విమానానికి ఇదే ఆఖరి ప్రయాణం!” అన్నాడు తనిఖీకని విమానం ఎక్కిన పెద్దాయన పరిశోధకురాలితో, కాఫీ చప్పరిస్తూ.

నిజానికి చన్నీళ్ల మీద గాలి భోంచేసిన మామగారిలా కదలకుండా పడుకుంటుంది. అందరు మామగార్లూ అంతే అనను గానీ మా మామగారు అంతే. వేణ్నీళ్లు తగిలాయా, పాలపొంగులా లేచి మబ్బు కడుతుంది.

విమానం ఎగిరిపడింది. కాఫీ పెద్దాయన తెల్లచొక్కా మీద పడింది. విమానం మళ్లీ ఎగిరిపడింది. ఆయన కళ్లు మూసుకుని, కుర్చీని కావలించుకుని, “నమ్మాను తల్లీ! ఎన్నేళ్లయినా ఎగరండి!” అన్నాడు.

పరిశోధకురాలు పైలట్ దగ్గరికి వెళ్లింది. అతను ఆమె చెల్లెలి మొగుడు.

“మరిదిగారూ, గీత ఇంకా రానేలేదుగా?”

“రాలేదు వదినా. నా చెయ్యే కాస్త దురద పెట్టింది.”

“బుద్ధుందా? ఆయన చూసి నమ్మాలి, జడిసి కాదు!”

అంతలో అసలు గీత రానే వచ్చింది. ఇటు ఆకాశం ఖాళీ, అటు గోడ కట్టినట్టు మబ్బులు. ఆమె పరుగున వెనక్కి వచ్చింది.

“సార్, చూడండి, అదిగో!”

పెద్దాయన కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

“చూడటం దేనికమ్మా, నమ్మానన్నాను కదా!”