సహరిలో మూడు మాత్రలు

వహీబా మెడ పక్కకు మెలితిరిగి ఉంది. కళ్లు పైకప్పుకేసి నిలిచిపోయాయి. దవడ బిగుసుకుపోయి మాట రావడం లేదు.

"జిన్ను పట్టింది డాక్టరమ్మా," అంది అత్త జులేఖా. "వహ్రాన్ పట్నంలో మంచి మతగురువు, షేక్ ఉన్నాడు, ఆయనతో ఖురాన్ చదివిద్దామంటే వీడు వినకుండా ఇక్కడికి తెచ్చాడు."

"రంజాన్‌లో సైతాన్లకు సంకెళ్లు వేస్తారని నువ్వే చెప్పావు కదమ్మా," అన్నాడు కొడుకు ఇద్రీస్.

"అయితే దిష్టి."

డాక్టరమ్మ వహీబా చేతికి ఇంజెక్షన్ ఇస్తూ అడిగింది. "మందులేమైనా వాడుతోందా?"

"మూడో నెల కదా, వాంతుల మాత్రలు," అంది జులేఖా. " పూటకొకటి, రోజుకు మూడన్నారు. ఉపవాసంలో పగలు ఎలా మింగుతుంది? అందుకే మూడూ తెల్లవారుజామున సహరి భోజనంలోనే నా చేత్తో వేస్తున్నాను."

"ఆ మాత్రలు ఒక్కసారే అన్ని పడితే కొందరికి ఇలా మెడా, దవడా పట్టేస్తాయి. ఇక వాటిని ఆపేయండి. ఇంతగా వాంతులవుతున్న గర్భిణి ఉపవాసం ఉండక్కర్లేదని మీకు తెలీదా?"

"తెలుసు," అంది జులేఖా గొంతు తగ్గించి. "మా కాలంలో ఎవరూ మానలేదు."

కాసేపటికి మెడ సడలింది. డాక్టరమ్మ గ్లాసుతో నీళ్లిచ్చింది. కిటికీలోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ పడుతోంది. వహీబా గ్లాసును పెదాల దాకా తెచ్చి, ఆగి, భయంగా అత్తకేసి చూసింది.

జులేఖా ఆ చూపు నుంచి తల తిప్పుకోలేకపోయింది. దగ్గరికొచ్చి, గ్లాసు కింద తన చెయ్యి పెట్టి పైకెత్తింది.

"తాగమ్మా. దేవుడు నీకెప్పుడో సెలవిచ్చాడు. ఇవ్వనిది నేనే."