పోని కంపు

"మళ్లీ అదే కంపు," అంది మేవిస్ దిండులోంచి ముఖం ఎత్తకుండానే. "కుళ్లిన గుడ్లు టైర్ల మంటలో వేసినట్టు. నీకసలు ముక్కుందా?"

"ఉంది. అందుకేగా బూట్లు తొడుక్కుంటున్నాను," అన్నాడు హార్లన్.

"నిన్నా ఇదే చెప్పావు."

"నిన్నటిది నిన్ననే కడిగేశాను పిల్లా. ఇది ఇవాళ్టిది."

ఆమె నవ్వలేదు. స్కూలు వంటింట్లో ఏళ్ల తరబడి పిల్లలకు వండిపెట్టిన మనిషి. ఏ గిన్నె అడుగంటినా గుమ్మం అవతల నుంచే పసిగట్టేది. హార్లన్ ఆ స్కూలు బస్సే నడిపేవాడు. ఇద్దరూ పని మానేశాక నెబ్రాస్కాలో ఇల్లు అమ్మేసి ఈ బండి కొన్నారు. పడక, పొయ్యి, స్నానాల గది అన్నీ చక్రాల మీదే. మంచు పడే లోపు అరిజోనా ఎడారికి దిగిపోవడం, ఎండలు ముదిరాక ఉత్తరానికి ఎక్కడం. ఇక మిగిలిన బతుకంతా ఇలాగే హాయిగా గడిచిపోతుందనుకున్నారు.

హార్లన్ రబ్బరు తొడుగులు వేసుకుని బండి వెనక్కి వెళ్లి, మురుగు పైపు తగిలించి, బండి కిందుండే టాయిలెట్ ట్యాంకు వాల్వు లాగాడు. ఇలాంటి బళ్లన్నీ ఆగే ఆ ఎడారి మైదానంలో పక్క బండి డ్వేన్ కాఫీ కప్పుతో వచ్చి నిలబడ్డాడు.

"ఏంటి బాబూ, మళ్లీనా? ఆ ట్యాంకులో సూప్ కాచుకుని తాగొచ్చు ఇప్పుడు."

"మేవిస్ కంపంటోంది."

"వాల్వు తెరిచి వదిలేస్తున్నావేమో. నీళ్లన్నీ జారిపోయి గట్టిదంతా అడుగున గుట్టపడుతుంది."

"మూసే ఉంచుతున్నా. బకెట్ల కొద్దీ నీళ్లు పోస్తున్నా."

"కంపు పోయే మందు?"

"వేశా. ఐసుగడ్డలు పోసి, అడుగంతా రాలిపోయేలా ఆ గతుకుల రోడ్డు మీద బండి తిప్పుకొచ్చా. నిన్న పైకెక్కి గాలిగొట్టం కూడా చూశా. పిట్టగూడు కూడా లేదందులో."

"సింకు కింద వంపు గొట్టం ఎండిపోతే కంపు పైకి తంతుంది. అందులో నీళ్లు పొయ్యి."

"పోశాలే డ్వేన్."

డ్వేన్ ఊరుకునే రకం కాదు. మోకాళ్ల మీద కూర్చుని పైపు మూతి దగ్గర ముక్కు పెట్టి చూశాడు. తర్వాత మేవిస్‌ను పలకరించే వంకతో లోపలికెళ్లి, మూలమూలలా ఎగపీల్చి, తల గోక్కుంటూ బయటికొచ్చాడు.

"లోపల నిమ్మ సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు. అయినా ట్యాంకు కుళ్లిన కంపు కొడుతుందిగానీ, మేవిస్ చెప్పినట్టు కాలిన కంపు కొట్టడమేంటి?"

హార్లన్ పైపు కట్టేశాడు. కిటికీ వంక ఒకసారి చూసి డ్వేన్ దగ్గరకొచ్చాడు.

"గట్టిగా మాట్లాడకు," అన్నాడు. "కంపు ట్యాంకులో లేదు. దాని తలలో ఉంది."

డ్వేన్ కప్పు దించాడు.

"మొన్న పడిపోయినప్పుడు తలకి స్కాన్ తీశారు కదా. తర్వాత డాక్టరు ఫోన్ చేశాడు. ఏదో గడ్డట. వాసన తెలిసే చోటే పెరుగుతోందట. కత్తి పెట్టడానికి లేదన్నాడు. ఏ మందూ పనిచెయ్యదన్నాడు. నా అదృష్టం బాగుండి, ఆ టైముకి అది బయట బట్టలారేస్తోంది."

"మేవిస్‌కి తెలుసా?"

"నేనే చెప్తానన్నా డాక్టరుతో. ఆ సాయంత్రమే అడిగింది, ఈ కంపెక్కణ్ణుంచి అని. ట్యాంకుదన్నాను." అతను తొడుగులు లాగేశాడు. "ట్యాంకైతే కడగొచ్చు కదా డ్వేన్."

ఆ రోజు నుంచి డ్వేన్ కూడా నాటకంలో చేరాడు. కిటికీ కింద నిలబడి, "అబ్బో, ఇంత బురదా! అదీ సంగతి!" అని అరిచేవాడు. లోపల్నుంచి మేవిస్, "చూశావా, నేను చెప్పలేదూ!" అనేది.

శీతాకాలం సగానికి వచ్చేసరికి మేవిస్ కుడిచెయ్యి చెంచా నిలపడం మానేసింది. ఏది నోట్లో పెట్టినా కాలిన కంపే అని పళ్లెం తోసేసేది. ఒకరోజు డ్వేన్‌ను పట్టుకుని ఎవరు నువ్వని అడిగింది. హార్లన్ ఇంకా ఎక్కువ కడగసాగాడు. పొద్దున ఒకసారి, తిండికి ముందొకసారి, ఆమె మూలిగినప్పుడల్లా ఒకసారి. గొట్టంలో నీళ్లు హోరున పోతుంటే బండి చాటున ఏడ్చినా లోపలికి వినిపించదు. అతనికి తెరిపి ఇచ్చే చోటు అదొక్కటే మిగిలింది. లోపలికి వెళ్లేముందు ముఖం కడుక్కుని, "ఇప్పుడెలా ఉంది?" అనేవాడు. "కాస్త నయమే," అనేది ఆమె, ముక్కు మూసుకునే.

ఒక మధ్యాహ్నం ఎండలో కూర్చుంటానంది. హార్లన్ ఆమెను ఎత్తుకుని దింపాడు. పిల్లంత తేలిగ్గా ఉంది. మడతకుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లకు దుప్పటి చుట్టి, కొత్త మందు డబ్బాతో వెనక్కి నడిచాడు.

"హార్లన్, ఆ తొడుగులు తీసేసి ఇలా రా."

"ఒక్క నిమిషం పిల్లా. డ్వేన్ కొత్త మందు తెచ్చాడు. దీంతో పోతుందట."

"పోదులే."

"పోతుంది. అడుగున పేరుకుపోయి ఉంటుంది, ఇంకోసారి గట్టిగా కడిగితే..."

"రమ్మన్నానా!"

వచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పనిచేసే చేత్తో ఆమె అతని తొడుగులు ఒక్కొక్కటే లాగి పక్కన పడేసింది. తడిసి ముడతలు పడ్డ వేళ్లను తన ఒళ్లోకి తీసుకుంది.

"ట్యాంకు శుభ్రంగానే ఉంది," అంది మెల్లగా. "మొదట్నుంచీ శుభ్రంగానే ఉంది."

"ఎవరన్నారు? ఆ డ్వేనేమన్నా వాగాడా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నా నోటితో నీకు చెప్పలేక, నీకు ఫోన్ చెయ్యమని డాక్టర్ని బతిమాలింది నేనే."