ఆరూ పది కాల్

“మేడమ్, మీరు కాస్త అరవడం ఆపితే నేను రాసుకుంటానండీ.”

“రాసుకో! రోజూ రాసుకుంటూనే ఉన్నావుగా! ఏం, పుస్తకం అచ్చేస్తావా?” అంది హెడ్‌సెట్‌లో ఆవిడ.

అతనిది వాషింగ్ మెషీన్ల కంపెనీలో కంప్లైంట్లు వినే ఉద్యోగం. రోజుకి తొంభై కాల్స్. ఎనభై తొమ్మిది పర్లేదు. ఈ ఒక్కటి మాత్రం సరిగ్గా సాయంత్రం ఆరూ పదికి వస్తుంది, ఏడు నిమిషాలు చెవులకి చిల్లులు పొడుస్తుంది, ఠక్కున ఆగిపోతుంది. కంప్లైంట్ ఎవరు తెరిస్తే అది మూసేదాకా ఆ కస్టమర్ వాళ్ళకే. కంపెనీ రూలు. తెర మీద కనపడేది కంపెనీ ఇచ్చిన కస్టమర్ నంబరూ, మెషీన్ కొన్న వాళ్ళాయన పేరూ, అంతే. ఫోన్ నంబరు కనపడదు.

మెకానిక్ మూడుసార్లు వెళ్ళొచ్చాడు. “మెషీన్ బ్రహ్మాండంగా తిరుగుతోంది సార్. ఆవిడ నాకు మంచినీళ్ళిచ్చి మరీ పంపింది,” అన్నాడు.

పక్క సీటు అమ్మాయి ఆవిడకి సైరన్ మేడమ్ అని పేరు పెట్టింది.

అతను ఇదంతా భరించేవాడే. కానీ పోయిన నెల నాలుగేళ్ళ కూతురు చెంచా కింద పడేస్తే ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. ఆ పిల్ల ఏడవలేదు. చెంచా తీసి బల్ల మీద పెట్టి, “సారీ అండీ,” అంది. కన్నతండ్రిని పట్టుకుని అండీ అంది.

“ఈ ఇంట్లో ఇంకోసారి ఆ గొంతు వినపడిందంటే నేనూ పిల్లా మా అక్క వాళ్ళింటికి పోతాం,” అంది భార్య. “వెళ్ళి ఎవరికైనా చూపించుకో.”

“నాకేమన్నా పిచ్చా?”

“పన్ను నొప్పెడితే డాక్టర్ దగ్గరికి పరిగెత్తావుగా? అప్పుడు పిచ్చా? ఇదీ అంతే.”

కౌన్సిలింగ్ చేసే ఒకావిడ దగ్గర నాలుగుసార్లు అపాయింట్‌మెంట్ తీసుకుని నాలుగుసార్లూ తనే ఫోన్ చేసి క్యాన్సిల్ చేశాడు. ఐదోసారి భార్య స్కూటర్ వెనక ఎక్కించుకుని గుమ్మం దగ్గర దింపి, లోపలికెళ్ళేదాకా కదల్లేదు.

కౌన్సిలర్‌కి యాభై ఏళ్ళుంటాయి. ఫ్యాన్ ఆపితేగానీ ఆవిడ మాట వినపడదు. కంపెనీ సంగతులు బయట చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు కాబట్టి, అతను ఫోన్లెత్తే ఉద్యోగం అని మాత్రం చెప్పాడు.

“ఒకావిడ రోజూ తిడుతుందండీ. నేనేం చేశానని?”

“మీరేం చెయ్యలేదు. దొరికారు,” అంది కౌన్సిలర్. “అత్త మీద కోపం దుత్త మీద అంటారుగా.”

“అంటే నేను దుత్తనా?”

“ఆఫీసులో మీరు. ఇంట్లో మీ పాప.”

అతను నేల వైపు చూశాడు. నేల బాగానే తుడిచి ఉంది.

“మరేం చెయ్యమంటారు?”

“ఆవిడ చెప్పే కంప్లైంట్ వదిలెయ్యండి. చెప్పే మనిషిని వినండి. అరుపు ఆగేదాకా మీ ఊపిరి మీరు చూసుకోండి. ఆగాక, ఇవాళ మీకు బాగా కష్టమైందా అని ఒక్క మాట అడగండి. అరిచేవాళ్ళని ఆ మాట ఎవరూ అడగరు.”

“చెప్పడం తేలికేనండీ.”

“అవును,” అంది కౌన్సిలర్. “కానీ కోపాన్ని ఇంటికి మాత్రం మోసుకెళ్ళకండి.”

మర్నాడు అతను రాజీనామా టైప్ చేసి పెట్టుకున్నాడు. ఇవాళ్టి కాల్ తర్వాత కూడా ఇంటికెళ్ళి అరిచేలా ఉంటే, ఉద్యోగం మానేస్తాడు. అదే మాట పక్క సీటు అమ్మాయితో అన్నాడు.

“ఆల్ ద బెస్ట్ అన్నయ్యా. వెళ్తే మీ కుర్చీ నాకిచ్చెళ్ళండి, నాది ఊగుతోంది,” అంది.

ఆరూ పది. మోగింది.

నీళ్ళు సరిగ్గా లాగట్లేదు, తలుపు సరిగ్గా మూసుకోవట్లేదు, మీ వంశంలో ఎవరైనా ఒక్క పని సరిగ్గా చేశారా? అతను ఊపిరి చూసుకున్నాడు. లోపలికి, బయటికి. మళ్ళీ లోపలికి.

“ఏయ్, ఉన్నావా, నిద్రపోయావా?”

“ఉన్నానండీ. వింటున్నా.” “ఇవాళ మీకు బాగా కష్టమైందా మేడమ్?”

కాల్ కట్టయిందేమోనని పక్క సీటు అమ్మాయి తొంగి చూసింది. తెర మీద సెకన్లు తిరుగుతూనే ఉన్నాయి.

“మెషీన్ బాగానే ఉంది బాబూ,” అంది ఆవిడ చివరికి. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. “మొదట్నుంచీ బాగానే ఉంది.”

“తెలుసండీ.”

“తెలిసే పడ్డావా ఇన్నాళ్ళూ?”

“పడటమే కదండీ ఉద్యోగం.”

“ఇంటికెళ్తే పిల్లలుంటారు. వాళ్ళ మీద అరవకూడదని, మెట్లెక్కేముందు ఇక్కడ అరిచేసి వెళ్తున్నా. నేనెవరో నీకు తెలీదు, నువ్వెవరో నాకు తెలీదు. హాయిగా ఉంటుంది.”

అతనికి కోపం రావాలి. ఎంత వెతుక్కున్నా రాలేదు.

“నాకూ ఓ పాపుందండీ. ఇక్కడ పడ్డ తిట్లన్నీ తీసుకెళ్ళి దాని మీద కుమ్మరించాను.”

“అయ్యో,” అంది ఆవిడ.

“పర్లేదండీ, ఒకావిడ దగ్గరికెళ్ళాను, దారిలో పడ్డాను. ఇందాక మిమ్మల్ని అడిగిన మాట కూడా ఆవిడ నేర్పిందే. మీరూ వెళ్ళండి మేడమ్. సిగ్గుపడాల్సిందేం లేదు, పన్ను నొప్పి లాంటిదే. ఆవిడ ఎంత నెమ్మదస్తురాలంటే, జన్మలో ఎవరి మీదా గొంతెత్తి ఉండదు. నంబర్ చెప్తా, రాసుకోండి.”

కస్టమర్లకి బయటి నంబర్లు ఇవ్వకూడదు. అదీ రూలే. అయినా చెప్పాడు. నాలుగుసార్లు క్యాన్సిల్ చేసిన నంబరు కదా, నోటికే వచ్చు. ఒక్కో అంకే విడదీసి, నిదానంగా, రెండుసార్లు చెప్పాడు.

“రాసుకున్నారా మేడమ్?”

“అది నా నంబరే.”