తుపాకుల దుకాణంలో తనిఖీ

"ఈ అర్జీ పెట్టింది నువ్వే కదరా?"

మోహన్‌కృష్ణ కాగితాన్ని అంకన్న మొహం ముందు ఆడించాడు. అంకన్న ఆ తుపాకుల దుకాణంలో రిపేరు పనివాడు. చేతులకున్న నూనె తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"పిల్లల తోడు అన్నా, నేను కాదు."

"ఇంకెవురు పెడతారు? ఈడ పనిచేసేది నువ్వొక్కడివే. రేపట్నించి రావాకు."

"కాగితం ఇటివ్వండి" అంది లేబర్ ఆఫీసర్ నాగజ్యోతి. "ఎవరు పెట్టారో నాకు అనవసరం. అందులో ఉన్నది నిజమో కాదో చూడ్డానికి వచ్చాను."

పేరు లేదు, సంతకం లేదు. కంప్యూటర్‌లో కొట్టించిన నాలుగు ముక్కలు. ఈ దుకాణంలో పనివాడి ప్రాణానికి పూచీ లేదని.

"అంకన్న కాదులే. వాన్ని ఇడ్సిపెట్టు" అన్నాడు కౌంటర్ వెనక నుంచి చెన్నకేశవులు, మోహన్‌కృష్ణ తండ్రి. లైసెన్సు ఆయన పేరు మీదే ఉంది.

నాగజ్యోతి వెనక గదిలోకి వెళ్లింది. కిటికీకి చెక్క కొట్టేశారు. తుపాకి మందు డబ్బాల పక్కనే టీ కాచుకునే కరెంటు పొయ్యి. ఎదురు గోడకు గుండె ఎత్తున పెద్ద గుంట.

"ఇదేంటి?"

అంకన్న నేల చూపులు చూశాడు. "పోయిన నెల హనుమంతునిపాడు నుంచి తుపాకి రిపేరుకొచ్చింది మేడం. లోపల తూటా ఉండింది. మా పెద్దాయన చేతిలో పేలింది. నేను స్క్రూ కోసం కిందికి వంగినా, కాబట్టి..."

"గోడే కదా, పూడ్పిస్తాం!" అరిచాడు మోహన్‌కృష్ణ. "దీనికింత రాద్ధాంతమా?"

నాగజ్యోతి బయటికొచ్చి, గదికి తాళం వేయాలని నోటీసు రాసింది. మోహన్‌కృష్ణ అరుస్తూనే ఆమె స్కూటీ దాకా వచ్చాడు. అక్కడ గొంతు తగ్గించాడు.

"ఆ గది మళ్లీ తెరవనియ్యాకండి మేడం."

"ఇంతసేపూ అరిచారు కదండీ?"

"నాయన ముందర అరవకుంటే నేనే పెట్టించినా అనుకుంటాడు. ఆయన చేతులు వణుకుతాండయి. మూసేద్దామని నా నోటితో ఎట్ల చెప్పేది? మనిషి దక్కడు."

"మరి అంకన్న?"

"పొదిలిలో మోటర్ల షాపులో వానికి పని మాట్లాడి పెట్టినా. సాయంత్రం చెప్తా." నోటీసుకు జిరాక్స్ తెస్తానని అతను రోడ్డు దాటాడు.

నాగజ్యోతి సంతకం కోసం మళ్లీ లోపలికి వెళ్లింది. చెన్నకేశవులు వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని సంతకం పెట్టాడు. వాకిలి వైపు ఒకసారి చూశాడు.

"ఒక్క గదికేనా అమ్మా తాళం?"

"అంటే?"

"దుకాణం మొత్తానికీ వేయిస్తావనే నేను ఆ అర్జీ పెట్టినా... మా వానికి మాత్రం చెప్పాకు తల్లీ, ఇది లేకుంటే వాడు బతకలేడు."