కారును తాకొద్దు

“తాకొద్దు నాన్నగారూ! మీ చెయ్యి పడిందంటే నన్ను పందెంలోంచి తీసేస్తారు!”

సిసిలీ కొండదారిలో పెట్రోలు అయిపోయి ఆగిన పందెం కారును రుజేరో, అతని మెకానిక్ నూన్సియో వెనకనుంచి నెడుతున్నారు. పందెం ముగిసే గీత ఇంకా ఎత్తు మీద, ఊరి చర్చి ముందు, జెండా పట్టుకున్న పందెం అధికారి దగ్గర ఉంది.

కొడుకును ఇంటికి లాక్కుపోదామని గుర్రబ్బండిలో వచ్చిన బారన్ ఎర్కోలే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“గెలిచినవాడు ఈపాటికి భోంచేసి పడుకునుంటాడు. ఇంకా ఎవరి కోసంరా ఈ పాట్లు?”

“గీత దాటితే చాలు నాన్నగారూ.”

“పోనీ, మన గుర్రాల్ని కట్టించనా?”

“నేనూ నూన్సియో తప్ప ఇంకెవరూ కారును తాకకూడదు. అదే రూలు.”

“మన వంశంలో ఎవడైనా ఏదైనా నెట్టాడట్రా? మేడల మీంచి ఊరంతా చూస్తోంది!”

“చిన్నదొరా, కబుర్లు తర్వాత! కారు వెనక్కొస్తోంది!” అరిచాడు నూన్సియో.

రుజేరో బూటు జారింది. మోకాలు చిట్లి రక్తం కారింది. అయినా అతను కారుకు ఆనించిన భుజం తియ్యలేదు.

ఇంట్లో బూటు తాడు కూడా నౌకరు చేత కట్టించుకునే కొడుకును బారన్ కాసేపు అలాగే చూశాడు. తర్వాత కోటు విప్పి బండివాడి మీదికి విసిరాడు.

రెండు చేతులు బలంగా వీపుకు ఆనేసరికి రుజేరో ఉలిక్కిపడ్డాడు.

“నాన్నగారూ, రూలు!”

“కారును తాకొద్దన్నావు, తాకలేదు. కొడుకును తాకొద్దని ఎక్కడుందో పైకి వెళ్ళాక ఆ జెండావాణ్ణే అడుగుదాం. నెట్టరా వెధవా!”