పది సీసాలు

"ఫ్రిజ్‌లో పది సీసాలు పెట్టుకుని మా అన్నను చంపావు గదరా" అంటూ బుల్లయ్య కాలర్ పట్టుకున్నాడు యలమంద తమ్ముడు.

ఊరి ఆసుపత్రిలో మందులిచ్చేది బుల్లయ్యే. పరామర్శకు వచ్చినవాడు ఊరుకోక, పాము కాటు మందు ఇక్కడే ఉండగా గుంటూరుకెందుకు తీసుకెళ్లారని అడిగాడు. నిన్న పత్తి చేలో పాము కరిస్తే, యలమందను ఆ ఆసుపత్రి ముందు నుంచే కారులో తీసుకెళ్లారు. ఏ ఆసుపత్రిలో ఏ మందు ఎంతుందో చూపించే యాప్‌లో ఇక్కడ సున్నా అని ఉంది మరి. గుంటూరు చేరకముందే ప్రాణం పోయింది.

మొన్న మందు రాగానే ఫోనులో ఎక్కించానని, సేవ్ కూడా నొక్కానని బుల్లయ్య మొత్తుకున్నాడు. వినేవాడెవడు? జనం కోపం మీదున్నప్పుడు నిజం చెప్పేవాడంత వెర్రివాడు ఇంకొకడుండడు.

ఆ యాప్ తయారుచేసింది యలమంద కొడుకు చైతన్యకృష్ణే. సున్నా చూసి, కారు ఆపొద్దన్నదీ అతనే. బుల్లయ్య ఫోను తీసుకుని మందు లెక్క ఎక్కించే రెండో స్క్రీన్‌లో పది అని కొట్టాడు. సేవ్ నొక్కి వెనక్కి వచ్చాడు. అందరికీ లెక్క చూపించే మొదటి స్క్రీన్‌లో సున్నా. మళ్లీ కొట్టాడు. మళ్లీ సున్నాయే.

తప్పెక్కడో అప్పుడు తెలిసింది. రెండో స్క్రీన్ తనంతట తాను మొదటిదానికి ఏమీ చెప్పదు. 'ఏదన్నా మారితే నాకు చెప్పు' అని మొదటిది ముందే తన పేరు దానికి ఇచ్చి ఉంచాలి. డెలిగేట్ అంటారు దాన్ని. ఆ పేరు ఇచ్చే ఒక్క లైను అతను రాయలేదు.

దాచుకుంటే దాగే తప్పే. ఇక్కడ ఎవరికి తెలుస్తుంది? అయినా అతని వల్ల కాలేదు.

"బాబాయ్, ఆయన్ను వదిలెయ్. ఆయన సరిగ్గానే ఎక్కించాడు. అది బయటికి చేరకుండా చేసింది నేను. నాన్నను నేనే చంపుకున్నా."

ఏడుస్తూనే రెండు స్క్రీన్ల సంగతీ, రాయని లైను సంగతీ అంతా చెప్పాడు. బాబాయి చెయ్యి సడలింది. బుల్లయ్య కాలర్ సర్దుకున్నాడు.

తల్లి వెంకటరావమ్మ లేచి వచ్చి, కొంగుతో కొడుకు మొహం తుడిచింది.

"అచ్చం మీ నాన్నేరా నువ్వు. ఎవడి తప్పయినా నీ నెత్తినేసుకుంటావు" అని, గుమ్మంలో ఉన్న చెప్పు తీసుకుని బుల్లయ్య వైపు నడిచింది.