ఖాళీ జారు

నియంత కాలంలో ప్రతి వంటింటి గోడకూ ఒక చెవి బిగించారు. ఇంట్లో గుట్టుగా మాట్లాడుకోవాలంటే మిక్సీలో ఖాళీ జారు తిప్పి, ఆ రొదలో మాట్లాడుకోవడమే దారి. ఒకనాడు మిక్సీ తిరుగుతుండగానే కరెంటు పోయింది. రమణాంబ భర్త నియంతను తిడుతున్న తిట్టు మధ్యలో ఆపుకోలేకపోయాడు. గోడచెవికి మాత్రం కరెంటు పోదు. అతన్ని తీసుకెళ్లారు. మనిషి మళ్లీ రాలేదు.

ఇప్పుడు నియంత లేడు. కొత్త రాజ్యాంగం రాస్తున్నారు. అదే చెవి తియ్యగా అడుగుతోంది:

"పన్నెండో అధికరణం. ఎవరింట్లో మాటలు ఎవరూ వినరాదు. మీకు సమ్మతమేనా?"

జవాబు రాలేదని భుజంగం వచ్చాడు. అప్పట్లో ఆ చెవి బిగించినవాడే. బ్యాడ్జీ మారింది.

"ముందు దీన్ని పీకు. తర్వాత అడుగు," అంది రమణాంబ.

"ఇది లేకపోతే మీ అభిప్రాయం ఎలా తెలుస్తుందండీ? రాజ్యాంగం అమల్లోకి రాగానే తీసేస్తాం."

"తీసేదెవరు?"

"నేనేనండి."

"పెట్టిందీ నువ్వేగా."

భుజంగం గోడవైపు చూశాడు. తనే వెళ్లి మిక్సీ స్విచ్ వేశాడు. ఖాళీ జారు రొద పెడుతుంటే ఆమె దగ్గరికి వంగి చెప్పాడు.

"సమ్మతమే అనేయండమ్మా. కాదన్నవాళ్ల పేర్లు పైకి పంపమన్నారు."

రమణాంబ అతన్ని ఎగాదిగా చూసింది. మిక్సీ కట్టేసింది. గోడకు ఎదురుగా వెళ్లి నిలబడింది.

"నువ్విక్కడ ఉన్నంతకాలం నాకు సమ్మతం కాదు. నా పేరు రమణాంబ. సరిగ్గా విను."